కిటికీ కింద పది సెకన్లు

ఏప్రిల్ పదకొండు, ఆదివారం. ఆ పొద్దున పెద్దాయన తిన్నది ముందురోజు మిగిలిన బ్రెడ్డు రెండు ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు. గుడ్డులో సగం ప్లేటులోనే ఉండిపోయింది. తేదీ, తిండి ఇంత కచ్చితంగా గుర్తుండిపోవడానికి ఒక కారణం ఉంది. ముప్ఫై ఒక్క సంవత్సరాలు నూలు మిల్లు గేటు దగ్గర టైమ్‌కీపరుగా పనిచేసిన ఆ మనిషి సొంత ఇంట్లో, తన వాళ్ళకే, మొదటిసారి తప్పు లెక్క చూపించిన రోజు అది.

ఆ లెక్క ఏమిటో తెలియాలంటే ముందు కోడలి పరుగు సంగతి తెలియాలి.

కోడలు పెద్దాసుపత్రి ల్యాబులో టెక్నీషియను. ఎనిమిదిన్నర నుంచి నాలుగున్నర దాకా మైక్రోస్కోపుకి కన్ను ఆనించి రక్తకణాలు లెక్కపెట్టడం ఆమె ఉద్యోగం. పెళ్ళికి ముందు నుంచీ పరిగెత్తేది. ఊళ్ళో ఏటా జూన్ మొదటి ఆదివారం హాఫ్ మారథాను జరుగుతుంది, ఇరవై ఒక్క కిలోమీటర్ల చిల్లర. మూడుసార్లు పూర్తిచేసింది. కిందటేడు ఆ రోజుకి ఆమెకి ఏడో నెల. రోడ్డు పక్క కుర్చీ వేసుకుని, పరిగెత్తేవాళ్ళకి నీళ్ళు అందించి ఇంటికొచ్చింది. వాచిన కాళ్ళు బకెట్లో పెట్టుకుని, వచ్చే ఏడు నేను అటువైపు ఉంటాను అంది. మొగుడూ మామగారూ సరేనని నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆ పోటీకి ఒక గడువు ఉంది. రెండు గంటల పదిహేను నిమిషాలు. అది దాటేలా ఉన్నవాళ్ళని వెనకే వచ్చే బస్సు ఎక్కించుకుంటుంది. ఊళ్ళో వాళ్ళు దానికి ఏడుపు బస్సని పేరు పెట్టారు. అందులోంచి దిగినవాళ్ళు ఎవరూ ఆ మాట అనరు, ఎక్కనివాళ్ళే అంటారు.

పాపకి అప్పటికి ఎనిమిది నెలలు దగ్గరపడ్డాయి. ఇంట్లో ఆమె పేరు దొరసాని. సీసా చూపిస్తే మొహం తిప్పేసేది, చెంచాతో పడితే చెంచాని తోసేసేది. తల్లి పాలు తప్ప దొరసానికి ఏదీ ఆనేది కాదు. పగలు తాత రెండుసార్లు ఆసుపత్రికి ఎత్తుకెళ్ళి పాలు పట్టించుకొచ్చేవాడు. తండ్రి బ్రెడ్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. ఏడింటికి చెవుల్లో పిండితో ఇంటికొచ్చి, నిలబడ్డచోటే కునికేవాడు. కాబట్టి తెల్లవారుజామున అయిదింటికి కోడలు పరుగుకి వెళ్తే పాపని చూసుకోవలసింది తాతగారే. ఆయన భార్య పోయి ఆరేళ్ళయింది. తెల్లవారుజామున మెలకువగా ఉండడం అలవాటైపోయింది.

పాప పాలకి లేస్తే అయిదు నిమిషాల్లో ఇంట్లో ఉండాలి. అది కోడలు తనకి తాను పెట్టుకున్న నియమం. అందుకని నది ఒడ్డుకీ పార్కుకీ వెళ్ళడం మానేసి, వాళ్ళ కాలనీ చుట్టూ ఉన్న రోడ్డు మీదే తిరిగేది. పెద్దాయన ఒక సాయంత్రం పొడవాటి టేపు తెచ్చి, కింది వాటా టైలరమ్మ చేత ఒక కొస పట్టించి, ఆ రోడ్డంతా కొలిచాడు. సరిగ్గా ఏడు వందల మీటర్లు. ముప్ఫై చుట్లు తిరిగితే పోటీ అంత దూరం.

"లెక్క మీరు చూడండి మామయ్యా" అంది కోడలు. "పొద్దస్తమానం లెక్కపెట్టే బతుకే కదా నాది. ఆ కాసేపైనా బుర్రలో అంకెలు లేకుండా పరిగెత్తాలి."

ఫోను కూడా తీసుకెళ్ళేది కాదు. ఫోను జేబులో ఉంటే ల్యాబు జేబులో ఉన్నట్టేనని.

పెద్దాయన పాత క్యాలెండర్ల కాగితాలు చింపి, వెనక వైపు అరచేతులంత అంకెలు వేశాడు. ఒకటి నుంచి ముప్ఫై దాకా. అట్టకి క్లిప్పు పెట్టి బిగించాడు. రెండో అంతస్తు కిటికీ దగ్గర నిలబడి, కోడలు కిందుగా వెళ్ళినప్పుడల్లా ఒక కాగితం తిప్పి చూపించేవాడు. బయల్దేరిన టైమూ, ఆగిన టైమూ గోడ గడియారం చూసి చెప్పేవాడు. మిగతా గుణకారాలు ఆమె స్నానం చేస్తూ చేసుకునేది.

టైలరమ్మకి ఇది మంచి కాలక్షేపం. తెల్లవారక ముందే మిషను ముందు కూర్చునే మనిషి.

"ఏమండీ అన్నయ్యగారూ, ఈ వయసులో మళ్ళీ ఎక్కాలు దిద్దుతున్నారా?"

"మీరు జాకెట్లు బిగుతుగా కుట్టినట్టు నేను అంకెలు ఇరుకుగా రాయలేదు. అదే నా తప్పు."

"నా జాకెట్టు బిగుతైతే అది వాళ్ళ తిండి తప్పు."

ఏప్రిల్ పదకొండున పద్దెనిమిది చుట్లు తిరగాలి. తొమ్మిదో చుట్టు దాకా అంతా సవ్యంగానే ఉంది. అప్పుడు దొరసాని లేచింది. లేచి ఊరుకోలేదు. పెద్దాయన ఆ సగం గుడ్డు వదిలేసి, పాపని భుజాన వేసుకుని కిటికీ దగ్గరికి వచ్చేసరికి కోడలు కిందికి వచ్చింది. తలెత్తి చూసింది. చొక్కా ముందు భాగం పాలతో తడిసి ఉంది. ఆగుదామా వద్దా అన్నట్టు రెండడుగులు తడబడి, మళ్ళీ పరుగందుకుంది.

పెద్దాయన ఎడంచేత్తో పాపని పట్టుకుని కుడిచేత్తో కాగితం తిప్పాడు. తెలిసే రెండు కాగితాలు కలిపి తిప్పాడు. పది ఉండవలసిన చోట పదకొండు వచ్చింది.

ఆమె అది చూసి తల ఊపి వెళ్ళిపోయింది. అయిదు నిమిషాలు ముందుగా ఇల్లు చేరింది. పాప పాలు తాగి నిద్రపోయింది. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదని పెద్దాయనకి అనిపించింది.

ఆయనకి అలా అనిపించడంలో వింత లేదు. మిల్లు గేటు దగ్గర అయిదు నిమిషాలు దాటి వచ్చినవాళ్ళకి సగం రోజు కోత. పసిబిడ్డల తల్లులు ఆరో నిమిషంలో, ఏడో నిమిషంలో, జుట్టు ముడేసుకుంటూ వచ్చిపడేవాళ్ళు. వాళ్ళ విషయంలో ఆయన కలం అయిదు దగ్గరే ఆగేది. ఎనిమిదో నిమిషం మాత్రం ఎనిమిదిగానే రాసేవాడు. దయకైనా హద్దు ఉండాలని ఆయన నమ్మకం. ముప్ఫై ఒక్క సంవత్సరాలూ రెండు నిమిషాలకి మించి దయ చూపించలేదు, రెండు నిమిషాలకి తక్కువా చూపించలేదు.

ఇక్కడా అంతే. పాప ఏడ్చిన రోజు ఒక చుట్టు. కోడలి మొహం మరీ పీక్కుపోయిన రోజు ఇంకొకటి. రెండు దాటనివ్వలేదు.

మే తొమ్మిదో తేదీన ఇరవై నాలుగు చుట్లు. గంటా నలభై రెండు నిమిషాల నలభై సెకన్లు. కోడలు తడి జుట్టుతోనే వంటింట్లోకి వచ్చింది.

"మామయ్యా, ఈ లెక్కన ముప్ఫై చుట్లకి రెండు గంటల ఎనిమిది. పాప పుట్టకముందు ఎలా ఉన్నానో దాదాపు అలాగే ఉన్నాను."

"మంచిదేగా అమ్మా" అన్నాడు పెద్దాయన, టీ వడకడుతూ.

"ఆ బస్సుకి నా మొహం కూడా కనపడదు."

మొగుడు బల్ల మీద తల ఆనించి నిద్రపోతున్నాడు. కళ్ళు తెరవకుండానే, "వెనక నుంచే కదా చూస్తుంది, మొహం ఎందుకు కనపడుతుంది" అన్నాడు. ఆమె వాడి వీపు మీద తువ్వాలుతో ఒక్కటి వేసింది. ఇంట్లో అలాంటి చప్పుడు విని చాలా రోజులైంది.

ఆ సంతోషం చూశాక పెద్దాయన అసలు లెక్క వేసుకున్నాడు. ఆ పొద్దున ఆమె నిజంగా తిరిగింది ఇరవై రెండు చుట్లు. చుట్టుకి నాలుగు నిమిషాల నలభై సెకన్లు. ముప్ఫై చుట్లకి రెండు గంటల ఇరవై నిమిషాలు. గడువుకి అయిదు నిమిషాలు అవతల. అంత కచ్చితంగా లెక్కలు వచ్చిన మనిషికి ఈ లెక్క ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదంటే, ఆయన చూస్తున్నది ఆ పూట ఆమె ఇల్లు చేరడం ఒక్కటే. జూన్ ఆరో తేదీ వైపు చూడలేదు.

నోరు విప్పి చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఇక మీదట సరిగ్గా తిప్పితే సరిపోతుందనుకున్నాడు. పదహారో తేదీ ఆదివారం పాప ఏడ్చినా, కోడలి మొహం వాడినా, ఒక్కొక్క కాగితమే తిప్పాడు. ఇరవై నాలుగు చుట్లకి గంటా యాభై రెండు నిమిషాలు పట్టింది.

"ఎంతా?" అంది కోడలు. ఆయన మళ్ళీ చెప్పాడు. ఆమె గోడ గడియారం వైపు చూసి, అది నడుస్తోందో లేదో అని దగ్గరికి వెళ్ళి చూసి, స్నానానికి వెళ్ళింది.

మంగళవారం పది చుట్లు తిరిగింది. అదీ అంతే. బుధవారం ఎక్కువ గట్టిగా పరిగెత్తబోయి నాలుగో చుట్టులో డొక్క పట్టుకుని కూర్చుంది. గురువారం సాయంత్రం ల్యాబు నుంచి వచ్చి, చెయ్యి మడత దగ్గర దూది అతికించుకుని, బల్ల దగ్గర కూలబడింది. మొగుడు షిఫ్టుకి వెళ్ళబోతూ బూట్లు తొడుక్కుంటున్నాడు.

"చేతికేమైంది?" అన్నాడు.

"నా రక్తం నేనే తీసుకుని చూసుకున్నాను. ఇనుము తక్కువైందేమో, ఇంకేదైనా తేడా ఉందేమో అని. అన్నీ బాగానే ఉన్నాయి. అదే అర్థం కావట్లేదు. వారంలో ఇంత పడిపోవడం ఏమిటి?"

"నిద్రలేక."

"నిద్ర తొమ్మిది నెలల నుంచీ లేదు. ఈ వారమే కొత్తగా పోయిందా." దూది పీకి బల్ల మీద పడేసింది. "పాలు మాన్పించేద్దామనుకుంటున్నాను. ఒంట్లో బలమంతా అటే పోతోందేమో. రేపట్నుంచి సీసా. ఏడిస్తే ఏడవనీ, రెండు రోజులు."

మొగుడు బూటు లేసు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. దొరసాని కింద చాప మీద బోర్లా పడుకుని, బల్ల కోడుని నాకే ప్రయత్నంలో ఉంది. తన గురించి తీర్పు జరుగుతోందని దానికి తెలియదు.

"లేదంటే పేరు వెనక్కి తీసుకుంటాను" అంది కోడలు. "ఆ బస్సెక్కి మా ల్యాబు వాళ్ళ ముందు దిగడం నావల్ల కాదు."

పెద్దాయన చేతిలో ఉన్న గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"రక్తంలో ఏం దొరుకుతుందమ్మా. లెక్క తప్పు చూపించింది నేను."

ఇద్దరూ ఆయన వైపు చూశారు. ఆయన చెప్పాడు. ఏ తేదీన ఎన్ని, ఎందుకు, మిల్లులో వదిలేసిన రెండు నిమిషాలతో సహా అన్నీ వరసగా చెప్పాడు. ఏప్రిల్ పదకొండున ఒకటి. పద్దెనిమిదిన రెండు. పాపకి జలుబు చేసిన వారం రెండు. మే తొమ్మిదిన రెండు. చెబుతున్నంతసేపూ ఆయన గొంతు మిల్లు మేనేజరుకి హాజరు చదివి వినిపించినట్టే ఉంది.

"అంటే రెండు గంటల ఎనిమిది కాదు" అంది కోడలు.

"రెండు గంటల ఇరవై."

"నేను పడిపోలేదు. అసలు లేవనే లేదు."

మొగుడు నవ్వబోయాడు. "నాన్నా, నువ్వు? నేను బళ్ళో చదివేటప్పుడు ప్రోగ్రెస్ కార్డులో ఒక్క మార్కు దిద్దితే రెండు రోజులు మాట్లాడలేదు నువ్వు."

"నువ్వు షిఫ్టుకి వెళ్ళరా" అన్నాడు పెద్దాయన.

వాడు వెళ్ళాడు. కోడలు పాపని చాప మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే ఆయనకి సులువుగా ఉండేది.

"నేను అలిసిపోయానా లేదా అన్నది నేను కదా మామయ్యా చెప్పాలి."

"అవునమ్మా."

"మిల్లులో వాళ్ళకి కావాల్సింది మీరు వదిలేసిన ఆ రెండు నిమిషాలు. నాకు కావాల్సింది నన్ను తిరగనివ్వకుండా మీరు మిగిల్చిన ఆ చుట్టు."

ఆమె లేచి గదిలోకి వెళ్ళింది. సీసా మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. ఆ రాత్రి దొరసాని పాలు దొరసానికే దక్కాయి. ఆ ఇంట్లో ఆ పూట లాభపడింది అదొక్కతే.

శుక్రవారం, శనివారం పరుగు లేదు. మాటలూ అంతంత మాత్రమే. టీ ఇక్కడ పెట్టాను, పాప స్వెట్టరు అక్కడుంది, అంతవరకే. పెద్దాయన అంకెల అట్ట తీసి బీరువా మీద పెట్టేశాడు. దాన్ని చూస్తే గడిచిన ఆరు వారాలూ తన మొహం మీదే రాసి ఉన్నట్టు అనిపించేది.

ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి కోడలి గదిలో బూట్ల చప్పుడయింది. ఆమె పాపని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. ఆమె గుప్పెట్లో ఒక చిన్న ఇనుప మీట ఉంది. ల్యాబులో కణాలు లెక్కపెట్టేటప్పుడు నొక్కేది. నొక్కినప్పుడల్లా అంకె ఒకటి పెరుగుతుంది.

"లెక్క నేను చూసుకుంటాను" అంది. "మీరు దీన్ని చూడండి చాలు."

పాపని ఇచ్చి వెళ్ళిందన్న మాట. అది ఆయన చిన్న విషయంగా తీసుకోలేదు.

కిటికీ దగ్గర పాపతో నిలబడ్డాడు. చేతికి పనిలేదు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఎవరో ఒకరి రాక కోసం గడియారం పట్టుకుని నిలబడిన మనిషి, ఊరికే నిలబడడం ఎలాగో తెలియక, సొరుగులోంచి మిల్లు కాలం నాటి స్టాప్‌వాచ్ తీశాడు. ఎవరికీ చూపించడానికి కాదు. వేళ్ళకి తోచక.

కిటికీలోంచి వాళ్ళ వీధి ఒక్కటే కనపడుతుంది. నాలుగు దీపస్తంభాలు. స్తంభానికీ స్తంభానికీ మధ్య అరవై మీటర్లు, టేపుతో కొలిచినప్పుడే రాసిపెట్టుకున్నాడు. కోడలు మొదటి స్తంభం దాటగానే నొక్కాడు. రెండో స్తంభానికి ఇరవై మూడు సెకన్లు. రెండు నుంచి మూడుకి, అంటే సరిగ్గా వాళ్ళ కిటికీ కింద, ముప్ఫై మూడు. మూడు నుంచి నాలుగుకి మళ్ళీ ఇరవై మూడు.

చెయ్యి తప్పిందనుకున్నాడు. మళ్ళీ చుట్టులో చూశాడు. ఇరవై మూడు, ముప్ఫై మూడు, ఇరవై మూడు. ఆ తర్వాత వాచీ మీద నుంచి కళ్ళు తీసి మనిషిని చూశాడు. కిటికీ దగ్గరపడుతుండగానే కోడలి భుజాలు వెనక్కి వాలేవి. అడుగు పొట్టిదయ్యేది. తల పైకెత్తి, పాప ఏడుస్తోందా, నవ్వుతోందా, ముక్కు కారుతోందా అని ఆ ఒక్క చూపులో అంతా చూసుకుని, అప్పుడు మళ్ళీ కదిలేది. ఇన్ని వారాలుగా చూస్తూనే ఉన్నాడు. తల్లి తలెత్తి చూడడంలో చూడవలసింది ఏముంటుందని దాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

పెద్దాయనకి ఎందుకో భార్య గుర్తొచ్చింది. ఆవిడ పరిగెత్తగా ఆయన చూసింది ఒకే ఒక్కసారి, వెళ్ళిపోతున్న బస్సు కోసం, చంకలో పిల్లాడితో. బస్సు ఆగింది. ఆవిడ దాన్ని పరుగు అనుకుని ఉండదు.

కోడలు ఇరవై నాలుగు చుట్లు ముగించి పైకి వచ్చేసరికి గంటా యాభై రెండు నిమిషాలు. మీట చూసుకుని, పెదవి కొరుక్కుంది.

"అమ్మా, ఒక మాట చెప్పనా" అన్నాడు పెద్దాయన. "నమ్మాలని లేదు. నువ్వే చూసుకోవచ్చు."

స్తంభాల లెక్క చెప్పాడు. ఆమె చెమట తుడుచుకుంటూ విన్నది.

"చుట్టుకి పది సెకన్లు పైకి చూడ్డానికే పోతున్నాయి. ముప్ఫై చుట్లకి అయిదు నిమిషాలు. రెండు గంటల ఇరవైలోంచి అది తీసెయ్యి."

"రెండు గంటల పదిహేను" అంది ఆమె. "సరిగ్గా బస్సు మూతి దగ్గర."

"పోటీలో కిటికీ ఉండదు కదా."

"ఉండదని ఇప్పుడు మీరంటున్నారు. మీరు అంతకుముందు పదకొండు అని కూడా అన్నారు."

దెబ్బ సూటిగానే తగిలింది. ఆయన తల ఊపాడు. "అందుకే నమ్మొద్దంటున్నా. వచ్చే ఆదివారం నేను కిటికీలో ఉండను. పాపని తీసుకుని వెనక గదిలో కూర్చుంటాను. నువ్వు తలెత్తినా ఏమీ కనపడదు. అప్పుడు ఎంత పడుతుందో నీ మీటా గోడ గడియారమూ చెబుతాయి."

"అది ఏడిస్తే?"

"ఏడుస్తుంది."

"పాలకి ఏడిస్తే?"

"వెళ్ళేముందు పట్టి వెళ్తావు కదా. గంటన్నరలో ఎవరూ పాలకి చచ్చిపోలేదు. ఏ కారణానికైనా నువ్వు రావలసి వస్తే కిటికీలో దీపం వేస్తాను. దీపం లేకపోతే రానక్కర్లేదు."

ఒక విధంగా అది ఆమెని చాలా పెద్ద సాయం అడగడం. తప్పు లెక్క చూపించిన మనిషినే, ఈసారి అసలు ఏమీ చూపించకుండా, నమ్మమనడం.

"దీపం వేయాల్సిన అవసరం వస్తే వేస్తారా?" అంది చివరికి. "పాపం పరిగెడుతోంది కదా, పోనీలే అని ఊరుకోరు కదా?"

"ఊరుకోను."

"నిజంగా?"

"నీకు అబద్ధం చెబితే ఎంత ఖర్చవుతుందో చూశాను కదమ్మా."

ఆమె నవ్వలేదు గానీ, పాపని అందుకుంటూ, "టీలో చక్కెర ఎక్కువేయండి ఇవాళ" అంది.

ముప్ఫయ్యో తేదీన ఇరవై చుట్లు. పెద్దాయన వెనక గదిలో, వీధి కనపడని చోట, దొరసానితో కూర్చున్నాడు. అరగంటకి అది మొదలుపెట్టింది. ముందు సన్నగా, తర్వాత ఇల్లెగిరిపోయేలా. భుజం మార్చాడు, ఎత్తాడు, తిప్పాడు, గిన్నె మీద చెంచాతో మోగించాడు. తడి లేదు, జ్వరం లేదు, ఆకలికి ఇంకా వేళ కాలేదు. ఊరికే ఏడుపు. కిటికీ దీపం మీట ఈ గది గుమ్మం పక్క గోడ మీదే, చెయ్యి చాస్తే అందే దూరంలో ఉంది. వేస్తే తల్లి వస్తుంది, పాప ఊరుకుంటుంది, ముగ్గురికీ ఆ పూటకి ఉపశమనం. ఆయన రెండు చేతులూ పాప చుట్టూనే ఉంచుకున్నాడు. అంత కష్టమైన పని మిల్లులో కూడా చేయలేదు.

పావుగంటకి దొరసాని ఏడుపు విసుగొచ్చి ఆపేసింది. తాత చొక్కా బొత్తాం ఒకటి నోట్లో పెట్టుకుని, దాని రుచి గురించి ఆలోచనలో పడింది.

కోడలు వచ్చింది. మీట బల్ల మీద పెట్టి గడియారం చూసింది. ఇరవై చుట్లకి ఎనభై తొమ్మిదిన్నర నిమిషాలు. ఆమె వేళ్ళ మీద భాగహారం చేసింది. చుట్టుకి నాలుగు నిమిషాల ఇరవై ఎనిమిదిన్నర.

"ఏడ్చిందా?"

"పావుగంట. ఒక్క నిమిషం కూడా తగ్గించి చెప్పను. పావుగంటే."

"గట్టిగా?"

"టైలరమ్మ మిషను ఆపి పైకి చూసేంత."

కింద నుంచి టైలరమ్మ గొంతు వినపడింది. "ఆపడమేమిటి, సూది విరిగింది."

కోడలు కుర్చీలో కూర్చుని పాపని ఒళ్ళోకి తీసుకుంది. "మామయ్యా" అంది, పాప తల నిమురుతూ. "ఆరో తేదీన మీరు దారిలో ఎక్కడా నిలబడకండి."

జూన్ ఆరు. మబ్బుగా ఉంది, గాలి చల్లగా ఉంది. పరిగెత్తేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి. కొడుకు షిఫ్టు నుంచి నేరుగా వచ్చాడు, ఫ్యాక్టరీ అట్టపెట్టె మూత మీద 'మా ఆవిడ' అని పెద్దక్షరాలతో రాసి పట్టుకుని. పద్నాలుగో కిలోమీటరు దగ్గర, వంతెన మీద నిలబడతానన్నాడు.

"వద్దురా" అన్నాడు పెద్దాయన.

"నాన్నా, అందరి మొగుళ్ళూ నిలబడతారు."

"అందరి పెళ్ళాలూ తలెత్తి చూడరు."

"పది సెకన్లకి ఏమైపోతుంది?"

పెద్దాయన పాపని భుజాన వేసుకుని ముందుకు నడిచాడు. కొడుకు గొణుక్కుంటూ అట్టని చంకలో పెట్టుకున్నాడు. ముగింపు గీత దాటాక ఇరవై అడుగుల అవతల, ఒక మూసి ఉన్న మందుల షాపు మెట్ల మీద కూర్చున్నారు. టైలరమ్మ మడత కుర్చీ తెచ్చుకుంది. దొరసాని తాత ఒళ్ళో నిద్రపోతోంది.

గీత మీద పెద్ద గడియారం ఉంది. రెండు గంటలు దాటింది. ల్యాబులో ఆమెతో పనిచేసే ఇద్దరు కుర్రవాళ్ళు అప్పటికే వచ్చేసి, అరటిపళ్ళు తింటున్నారు. రెండు గంటల ఏడు. తొమ్మిది. కొడుకు లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, లేచాడు.

"కాస్త ముందుకెళ్ళి చూద్దామా?"

"ఇక్కడే ఉండు."

"కనీసం వస్తోందో లేదో తెలుస్తుంది కదా."

"వస్తే వస్తుంది. మనం చూసినంత మాత్రాన ముందొస్తుందా?"

"అన్నయ్యగారూ, ఈ మాట మీరు రెండు నెలల ముందు అనుకుని ఉంటే ఎంత బావుండేది" అంది టైలరమ్మ.

రెండు గంటల పన్నెండు. రోడ్డు మలుపు దగ్గర, మనుషుల తలల పైన, బస్సు కప్పు మీది పసుపు దీపం తిరుగుతూ కనిపించింది. దానికి ముందు పది పన్నెండుమంది ఉంటారు. వాళ్ళలో ఒకరు ముసలాయన, ఒకరు కుంటుతున్నారు, ఒకరు ఏడుస్తున్నారు. వాళ్ళకి ఇంకొంచెం ముందు కోడలు. చొక్కా ముందు భాగం తడిసి ఉంది. భుజాలు ముందుకే ఉన్నాయి. ఎటూ చూడట్లేదు. గీత దాటి, అదే ఊపులో మెట్ల మీద కూర్చున్న తన మనుషుల్నీ దాటి, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర నుంచి, వాళ్ళని చూడకుండా వెళ్ళిపోయింది.

ఆమె గీత దాటినప్పుడు గడియారంలో రెండు గంటల పదమూడు నిమిషాల నలభై ఒక్క సెకన్లు. పెద్దాయన చదివి, తన చేతి గడియారంతో సరిచూసుకుని, మళ్ళీ చదివాడు. కొడుకు అట్ట ఎత్తి పట్టుకుని పరిగెత్తాడు, అక్షరాలు తలకిందులుగా ఉన్నాయని ఎవరూ చెప్పలేదు.

ఆమె మందుల షాపు మెట్ల మీదే కూర్చుని, తువ్వాలు కప్పుకుని, ముందు పాపకి పాలిచ్చింది. ల్యాబు కుర్రవాళ్ళు దూరంగా నిలబడి చేతులూపారు. ఏడుపు బస్సు మెల్లగా దాటిపోయింది. అందులో కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ, ఎవరో తెలియదు, వీళ్ళ వైపు చూసి చిన్నగా నవ్వింది. కోడలు ఆవిడకి తల వంచి నమస్కారం పెట్టింది.

"మామయ్యా, మీరెక్కడ కూర్చున్నారు?" అంది తర్వాత.

"ఇక్కడే. ఈ మెట్టు మీదే."

"నేను చూడలేదు."

"చూడలేదు" అన్నాడు పెద్దాయన. ఆయనకి ఆ మాట చాలా తృప్తిగా అనిపించింది.

ఆ సాయంత్రం ఎనిమిదింటికి కొడుకు షిఫ్టుకి వెళ్ళిపోయాడు. కోడలు సూపు సగం గిన్నె తాగి, మిగతా సగం ముందు కూర్చుని కునుకు తీసింది. కాళ్ళకి రెండుచోట్ల పట్టీలు ఉన్నాయి. లేచి, గోడ పట్టుకుని గది దాకా వెళ్ళి, మళ్ళీ తిరిగొచ్చింది, చేతుల్లో పాపతో.

"ఈ రాత్రి దీన్ని మీ దగ్గర పడుకోబెట్టుకుంటారా?"

పుట్టినప్పటి నుంచి దొరసాని ఒక్క రాత్రి కూడా తల్లికి రెండు జానల దూరం దాటి పడుకోలేదు.

"పాలకి లేస్తే లేపండి" అంది ఆమె. "ఊరికే లేస్తే లేపకండి. ఏది ఏదో మీకు తెలుస్తుంది."

"తెలుస్తుంది."

"ఎంతసేపు ఏడ్చిందో పొద్దున చెప్పండి."

"ఉన్నదున్నట్టు చెప్తాను."

ఆమె పాపని ఇచ్చింది. ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు. మంచం కిర్రుమంది, అంతే, ఊపిరి బరువెక్కింది. దీపం ఆర్పడం కూడా మరిచిపోయింది. దొరసాని భుజం మీద ఒకసారి కదిలి, ఏడుద్దామా అని ఆలోచించి, మానుకుంది. పెద్దాయన వసారాలో నిలబడి కాసేపు విన్నాడు. తర్వాత గడప బయట నుంచే చెయ్యి చాపి దీపం ఆర్పి, పాప తల మీద అరచెయ్యి ఆనించి, కోడలి గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.